చైనావాడి కొట్టు

న్యూయార్క్ నగరంలో, క్వీన్స్‌లో, ఫ్లషింగ్ అని ఒక పేట. ఏడో నంబరు రైలుకి అదే ఆఖరి స్టేషను. అక్కడ బౌన్ స్ట్రీట్ మీద 1977లో ప్రతిష్ఠ జరిగిన గణపతి గుడి ఉంది. గుడి కింద దోసెలకు పేరుపడ్డ క్యాంటీను ఉంది. చుట్టూ ఉన్న పేట మాత్రం చాలా భాగం చైనా వాళ్ళది. గుడి నుంచి మూడు వీధులు నడిస్తే మూలమీద ఒక చిన్న కొట్టు. ముందు పేవ్‌మెంటు మీద అట్టపెట్టెల్లో ఆకుకూరలు, అల్లం, వెల్లుల్లి. లోపల ఒక మనిషి పక్కకి తిరిగితే తప్ప ఇంకో మనిషి వెళ్ళలేని రెండు వరసలు. బోర్డు మీద చైనా అక్షరాలు నాలుగు, కింద ఇంగ్లీషులో 'గ్రోసరీ' అని ఒక్క ముక్క.

మా తెలుగువాళ్ళు దాన్ని చైనావాడి కొట్టు అంటారు. 2004లో నేను ఆ పేటకి కాపురానికి వెళ్ళినప్పటి నుంచీ అదే వింటున్నాను. 'చైనావాడి కొట్లో తోటకూర దిగింది', 'చైనావాడు చేమదుంపలు చవగ్గా ఇస్తున్నాడు'. ఆ 'వాడు' ఎలా ఉంటాడో చాలా నెలలపాటు నాకు తెలీదు. నేను ఎప్పుడు వెళ్ళినా కనపడింది ఒక ఆడమనిషే. పొద్దున ఎనిమిదింటికి షట్టరు ఎత్తేదీ, ముదురాకులు గిల్లి కట్టలు కట్టేదీ, గంటకోసారి కూరలమీద నీళ్ళు చల్లేదీ, గల్లాపెట్టె దగ్గర నిలబడేదీ, రాత్రి తొమ్మిదింటికి పెట్టెలు లోపలికి లాక్కునేదీ ఆవిడే. భర్త అర్ధరాత్రి దాటాక వ్యాను తీసుకుని బ్రాంక్స్‌లోని హంట్స్ పాయింట్ హోల్‌సేల్ మార్కెట్టుకి వెళ్ళి సరుకు తెచ్చి, దింపి, పడుకునేవాడట. ఆయన కష్టం తక్కువని కాదు. కానీ పదమూడు గంటలు కళ్ళెదురుగా నిలబడ్డ మనిషి పేరు కొట్టుకి ఎందుకు రాలేదు? తెలుగులో 'చైనా ఆవిడ కొట్టు' అనడానికి నోరు తిరక్క కాదుగదా.

అక్కడ దొరకనివి గోంగూర, దొండకాయ, మన పచ్చదోసకాయ. వాటికోసం రైలెక్కి జాక్సన్ హైట్స్ డెబ్భై నాలుగో వీధికి పోవాలి. దొరికేవి చాలా ఉన్నాయి. తోటకూర, బచ్చలి, మూరెడు పొడుగు అలసంద కాయలు, ముల్లంగి, చేమదుంపలు, నున్నగా పాలిపోయినట్టుండే కాకరకాయలు. చేదు తక్కువ వాటికి, మనవాటిలా కరకరలాడవు. తూటికూర చూసినప్పుడు మాత్రం నాకు నవ్వొచ్చింది. మా ఊళ్ళో చెరువు గట్టున దానంతటది పెరిగేది, కొని తినేవాళ్ళు లేరు. దాన్ని వాళ్ళు కొంగ్‌షిన్‌సాయ్ అంటారు. గుండె బోలైన కూర అని అర్థం, కాడలో తూటు ఉంటుంది కనక. మన పేరూ ఆ తూటు నుంచే వచ్చి ఉండాలి. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం జాబితాలో అది హానికరమైన కలుపు మొక్క. నీళ్ళలో పడితే అల్లుకుపోతుందని అనుమతి లేకుండా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకుపోనివ్వరు. వలస వచ్చింది ఏదైనా బాగా బతికిందంటే ముందు దానికి కలుపు అని పేరు పెడతారు కాబోలు!

మనం బీరకాయ, సొరకాయ, కాకరకాయ అని చివర 'కాయ' చేర్చినట్టు వాళ్ళు 'గ్వా' చేరుస్తారు. సీగ్వా అంటే పట్టుకాయ, మన బీర. ఎండిన బీరపీచుతో ఒళ్ళు తోముకున్న వాళ్ళెవరికీ ఆ పేరుకి వివరణ అక్కర్లేదు. కూగ్వా చేదుకాయ. దొంగ్వా చలికాలపు కాయ, మన బూడిదగుమ్మడి.

ఈ బూడిదగుమ్మడి గురించి కొంచెం చెప్పాలి. మన ఇళ్ళల్లో దాన్ని గుమ్మానికి దిష్టికి కడతారు. వడియాలు పెట్టాలంటే ముందు మగవాళ్ళెవరైనా కాయని పగలగొట్టి ఇవ్వాలి. ఆడది గుమ్మడికాయ కొట్టకూడదు. ఎందుకు కూడదో మా అమ్మకి తెలీదు, వాళ్ళ అమ్మకీ తెలీదు. నాన్న ఊళ్ళో లేని రోజు ఆ కాయ అలా అరుగు మీద కూచునేది, పక్కింటి తొమ్మిదేళ్ళ కుర్రాడు వచ్చేదాకా. ఈవిడ కొట్లో ఒక్కో కాయ పసిపిల్లాడంత ఉండేది. వెడల్పాటి కత్తి పైకెత్తి ఒక్క వేటున రెండు చేసేది. 'ఎంత?' అన్నట్టు కత్తిని కాయ మీద అటూ ఇటూ జరిపి, నేను తల ఊపిన చోట ముక్క కోసి తూచేది. మొదటిసారి చూసినప్పుడు నేను కొనాల్సిన దానికన్నా రెట్టింపు కొన్నాను, ఆ కొట్టడం ఇంకోసారి చూడొచ్చని.

అయితే నన్ను ఆ కొట్టుకి కట్టిపడేసింది కూరలు కావు. తలుపు తియ్యగానే ముక్కుకి తగిలే వాసన.

మాది నిజాంపట్నం వైపు సముద్రపు ఒడ్డు పల్లె. మా నాయనమ్మ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని రేపల్లె చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేది. కోతలప్పుడు డబ్బుకి బదులు వడ్లు కొలిపించుకునేది. చదువు లేదు గాని లెక్క తప్పేది కాదు. డబ్బు బొడ్డుసంచిలో ఉండేది, ఆ సంచిలో తాత చెయ్యి పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. గంపతో బస్సెక్కబోతే కండక్టరు దిగమనేవాడు. మా నాన్న చదువుకుని ఉద్యోగంలో చేరాక గుంటూరులో అద్దె ఇల్లు వెతుక్కున్నప్పుడు ఇంటివాళ్ళు మొదట అడిగింది కులం, తరవాత నీచు తింటారా అని. చేపకీ మాంసానికీ మన భాషలో ఉన్న మాట చూడండి, నీచు. తిండికీ మనిషికీ ఒకే తిట్టు సరిపోయింది.

అమెరికా వెళ్తే ఇది వదిలిపోతుందని ఎవరైనా అనుకుంటే వాళ్ళు ఒక్కసారి ఇండియన్ షాపులో బియ్యం బస్తా కోసం వరసలో నిలబడాలి. 'తెలుగా? ఏ ఊరు? ఏ వైపు? ఇంటిపేరు?' ఈ నాలుగు ప్రశ్నల్లో నా కులం తేలిపోవాలి, తేలకపోతే అయిదోది: 'మీరు వెజ్జా?' మా పై అంతస్తులో ఉండే తెలుగావిడ ఒకరు, నేను ఎండురొయ్యలు వండిన మర్నాడు, కారిడార్లో కనపడి చాలా మర్యాదగా, 'నిన్న ఏదో వాసనొచ్చిందండీ, ఆ చైనా వాళ్ళెవరో కింద దిగినట్టున్నారు' అన్నారు. వాసన ఎవరిదో ఆవిడకి తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు.

చైనా కొట్లో ఎండురొయ్యలు గాజుసీసాల్లో సైజువారీగా ఉండేవి. కళ్ళజోడు పెట్టుకుని చూడాల్సినంత చిన్నవి ఒక సీసా, చిటికెనవేలంతవి ఇంకోటి. చిన్నవాటిని షామీ అంటారు. షా అంటే రొయ్య, మీ అంటే పొట్టు తీసిన గింజ, బియ్యం. నేను ఒక్క క్షణం ఆగిపోయాను. మా వైపు దాన్ని రొయ్యపప్పు అంటాం! సముద్రాలకి అటు ఒకరూ ఇటు ఒకరూ కూచుని రొయ్య పొట్టు ఒలిచిన ఆడవాళ్ళకి ఒకే పోలిక తట్టింది. పేరు పెట్టింది ఆడవాళ్ళేనని రుజువు అడక్కండి, ఒలిచింది ఎవరో అందరికీ తెలుసు. నేను సీసా మూత తీసి వాసన చూస్తుంటే ఆవిడ గల్లాపెట్టె వెనకనుంచి చూసింది. ఏ ఊరు అనలేదు. ఇంటిపేరు అడగలేదు. రెండు రొయ్యలు అరచేతిలో వేసి నమిలి చూడమంది.

ఆవిడది ఫూజియన్ తీరం. సముద్రానికి దగ్గర పల్లె. అది నాకు తరవాత తెలిసింది, ఆవిడ కూతురు చెబితే. మా ఇద్దరి మధ్యా ఉన్న ఇంగ్లీషు 'హౌ మచ్', 'టుమారో', 'గుడ్, వెరీ గుడ్', 'నో గుడ్'. కానీ బంధుత్వాల దగ్గర మాకు ఇంగ్లీషుతో పని లేదు. ఇంగ్లీషుకి ఉన్నది ఒక్క 'సిస్టర్', ఒక్క 'ఆంట్'. వాళ్ళకి అక్క వేరు, చెల్లి వేరు, అన్న వేరు, తమ్ముడు వేరు. అమ్మ చెల్లెలు వేరు, నాన్న చెల్లెలు వేరు, అచ్చంగా మన పిన్నీ మేనత్తా లాగే. ఆవిడ నాకన్నా మూడేళ్ళు పెద్ద అని వేళ్ళమీద లెక్కేసి తేల్చుకున్నాక నేను ఆవిడని జియె అనీ, ఆవిడ నన్ను మెయ్‌మెయ్ అనీ పిలుచుకున్నాం. అక్కా, చెల్లీ.

నేను గుంటూరులో ఒక కాలేజీలో నాలుగేళ్ళు పాఠాలు చెప్పి, ఎం.ఫిల్. ముగించి వెళ్ళినదాన్ని. అమెరికా నాకిచ్చిన వీసా పేరు హెచ్-4. భర్త ఉద్యోగం మీద భార్యకి వచ్చేది. దానిమీద ఉన్నవాళ్ళు జీతానికి పని చెయ్యకూడదు. కాగితాల్లో నన్ను 'డిపెండెంట్' అని రాశారు. ఆ మాటకి తెలుగులో ఏమనాలా అని ఓ మధ్యాహ్నమంతా ఆలోచించాను, అప్పుడు మధ్యాహ్నాలు చాలా ఉండేవి నాకు. ఆశ్రితురాలు అనాలి. శాసనాల్లో కనపడే మాటలా ఉంది. ఆ వీసాలో నాకు పదకొండేళ్ళు గడిచాయి. 2015 మే 26 నుంచి, గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం నడిచిన వాళ్ళ భార్యలకి పని చేసుకునే అనుమతి వచ్చింది. అప్పటికి నా వయసు నలభై దాటింది.

2006 చలికాలంలో ఒకరోజు జియె ఒక ఉత్తరం తీసి నా ముందు పెట్టింది. కొట్లో త్రాసు తనిఖీ గురించి వచ్చిన నోటీసు. కూతురు అప్పటికి చిన్నది, భర్తకి ఇంగ్లీషు ఈవిడ కన్నా తక్కువ. నేను చదివి, ఏ తేదీలోగా ఏం చెయ్యాలో బొమ్మలు గీసి చెప్పి, జవాబు రాసిచ్చాను. ఆవిడ గల్లాపెట్టె తెరిచి ఇరవై డాలర్ల నోటు తీసింది. నేను వద్దన్నాను. మర్యాదకి కాదు, వీసాకి జడిసి. ఎందుకు వద్దంటున్నానో ఆవిడకి ఎలా చెప్పడం? 'నో వర్క్, వీసా' అన్నాను. ఆవిడ ఆ నోటు మళ్ళీ లోపల పెట్టింది. సీసా మూత తీసి, కాగితపు సంచిలో అరపౌను రొయ్యపప్పు పోసి, త్రాసు మీద పెట్టనైనా పెట్టకుండా నా చేతిలో పెట్టింది. అమెరికాలో నా మొదటి సంపాదన అదే. మా నాయనమ్మ చేపలిచ్చి వడ్లు తెచ్చేది, నేను అక్షరాలిచ్చి రొయ్యలు తెచ్చాను. ఇంటికొచ్చి వంకాయలో వేసి వండాను. పై అంతస్తు ఆవిడ ఏమనుకుందో ఆ రోజు పట్టించుకోలేదు.

అది మొదలు. కరెంటు బిల్లులు, బడి ఉత్తరాలు, ఇన్సూరెన్సు కాగితాలు. ఒకసారి కూతురి ద్వారా ఆవిడని అడిగాను, కొట్లో నీకు జీతమెంత అని. ఆవిడకి ప్రశ్న అర్థం కాలేదనుకుని పిల్ల రెండోసారి చెప్పింది. అర్థమైంది గాని, నవ్వింది. 'జీతమేమిటి? కొట్టు మాదేగా.'

ఈ 'మాదే' అన్న మాట నాకు బాగా తెలుసు. మా ఇల్లు, మా పొలం, మా పడవ. మా అమ్మ కూడా అలాగే అంటుంది. 1986లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం చట్టం సవరించి ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చాక కూడా, 'మా పొలం' అనే ఆడవాళ్ళలో పాసుపుస్తకం మీద పేరున్న వాళ్ళని ఏ ఊళ్ళోనైనా వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మరియా మీస్ నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ళ దగ్గరికి వచ్చి చూసి 1982లో పుస్తకం వేసింది. ఆ లేసు దేశాలు దాటి పోయేది. అల్లేవాళ్ళని మాత్రం పనివాళ్ళనేవారు కాదు, తీరికవేళ ఇంటిపట్టున ఏదో చేసుకునే గృహిణులనేవారు. తీరిక వేళ! రోజుకి ఆరేడు గంటలు. మనం ఎం.ఏ. క్లాసుల్లో ఈ పుస్తకం గురించి మాట్లాడుకున్నప్పుడు నరసాపురం దాటి ఆలోచించలేదు. ఫ్లషింగ్‌లో ఆ మూలకొట్టులో నిలబడి చూస్తే పదమూడు గంటల పని 'మాదే' అన్న ఒక్క మాటలో మాయమైపోతోంది. ఒక మాట ఇక్కడ చెప్పాలి. ఆవిడ నాకన్నా అలిసిపోయిన మనిషి, కానీ నాలా ఖాళీగా కూచోబెట్టబడ్డ మనిషి కాదు. మా ఇద్దరిలో ఎవరి పరిస్థితి నయమని ఎవరైనా అడిగితే నా జవాబు రోజుకొక రకంగా ఉండేది.

అమెరికాలో చైనా వాళ్ళు కొట్లు పెట్టుకోవడం వెనక ఒక చట్టం కథ ఉంది. నేను దాన్ని ఫ్లషింగ్ లైబ్రరీలో కూచుని చదువుకున్నాను, ఆశ్రితురాళ్ళకి లైబ్రరీ ఉచితం. 1875 పేజ్ చట్టం 'అనైతిక పనులకు' తెచ్చే స్త్రీలని ఆపుతానంది. ఆ నెపంతో చైనా ఆడవాళ్ళనే దాదాపుగా ఆపేసింది. 1882లో కూలీలు రాకుండా ఇంకో చట్టం. వ్యాపారులకి మాత్రం మినహాయింపు. అంటే కూలీ అయితే భార్యని తెచ్చుకోలేడు, కొట్టు ఉంటే తెచ్చుకోవచ్చు. 1893 సవరణ ప్రకారం తాను వ్యాపారినేనని నిరూపించుకోవడానికి చైనీయులు కాని సాక్షులు ఇద్దరు కావాలి. చేతులతో మోటు పని చేస్తూ కనపడకూడదు. 1900లో సుప్రీంకోర్టు వ్యాపారి భార్య వేరే సర్టిఫికెట్టు లేకుండా భర్త వెనక రావచ్చని తీర్పిచ్చింది. రేవులో అధికారులు ఆవిడ పాదాలు చూసేవారు. చిన్నప్పుడే గుడ్డతో బిగించి కట్టిన పాదాలైతే మంచి ఇంటి భార్య, రావచ్చు. నడవలేని పాదాలు ఒక దేశపు తలుపు దగ్గర మర్యాదకి గుర్తయ్యాయి. ఆ తరవాత ఆవిడ కొట్టు వెనక గదిలో కాపురం పెట్టి, ముందుగదిలో బియ్యం తూచి, లెక్కల్లో ఎక్కడా లేకుండా బతికింది. కొట్టు ఆవిడని తెచ్చింది, ఆవిడ కొట్టుని మోసింది.

మిసిసిపీ డెల్టాలో ఇలాంటి చైనా కొట్లు ఉండేవి, నల్లవాళ్ళ పేటల్లో, వాళ్ళకి అప్పులిస్తూ. రోజ్‌డేల్ అనే ఊళ్ళో గాంగ్ లమ్ అనే కొట్టు యజమాని తన కూతురు మార్తాని తెల్లపిల్లల బడినుంచి పంపించేశారని కోర్టుకెక్కాడు. 1927లో సుప్రీంకోర్టు ఆయనకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ కేసు చదువుతుంటే నన్ను కలతపెట్టింది ఓడిపోవడం ఒక్కటే కాదు. నల్లపిల్లల్ని వేరు చెయ్యడం తప్పని ఆ దావా అనలేదు, మా పిల్ల ఆ కోవలోది కాదంది, అంతే. మనవాళ్ళూ ఇలాగే అంటారు గదా, మేం ఆ కోవ కాదని. జియె కొట్లో కూడా నల్లకుర్రాళ్ళు ఇద్దరు కలిసి లోపలికొస్తే ఆవిడ గల్లాపెట్టె వదిలి వరస చివర్దాకా వచ్చి నిలబడేది. నాతో ఎంత చనువుగా ఉన్నా ఆ అలవాటు మానలేదు. నేను ఒకసారి అంటే, 'నీకు తెలీదు మెయ్‌మెయ్' అని కూరలమీద నీళ్ళు చల్లడానికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ కూతురు సంగతి. నేను మొదట చూసినప్పుడు ఆ పిల్లకి ఆరేళ్ళు, బియ్యం బస్తాల మీద కూచుని బడి పని చేసుకునేది. ఫ్లషింగ్‌లోనే పుట్టింది, నాలుగు నెలలకే చైనా వెళ్ళిపోయింది. చేతిలో పసిబిడ్డ ఉంటే కొట్టు నడవదు, పిల్లల్ని చూసే మనిషిని పెడితే కొట్టు మిగలదు. న్యూయార్క్‌లో ఫూజియన్ వాళ్ళ ఇళ్ళల్లో ఇది ఎందరో చేసిన పనే. పాలు మరిపించి, తెలిసినవాళ్ళ ఒళ్ళో పెట్టి అమ్మమ్మ తాతల దగ్గరికి విమానమెక్కిస్తారు, బడి వయసుకి వెనక్కి తెప్పించుకుంటారు. మన తెలుగు ఇళ్ళల్లోనూ ఉంది. న్యూజెర్సీలో ఉద్యోగం, విజయవాడలో బిడ్డ. మనం దాన్ని 'అమ్మమ్మ దగ్గర గారాబం' అంటాం, పేరు మారిస్తే తేలికవుతుందని. జియె అయిదేళ్ళ తరవాత విమానాశ్రయానికి వెళ్తే పిల్ల వచ్చి ఎదురుగా నిలబడి 'ఆయీ' అందిట. ఆయీ అంటే పిన్ని. దారిలో కనపడ్డ పెద్దావిడనెవరినైనా పిల్లలు అలాగే పిలుస్తారు. ఎనిమిది నెలలు అలాగే పిలిచింది. ఈ సంగతి నాకు చెప్పింది జియె కాదు, ఆ పిల్లే, పదహారేళ్ళొచ్చాక, తల్లి వినేంత దగ్గర్లో నిలబడి. తల్లి అల్లం పెట్టె సర్దుతోంది. అదే పెట్టె రెండుసార్లు సర్దింది.

అంతకుముందు, శనివారం చైనా బడికి వెళ్ళే రోజుల్లో, ఆ పిల్ల నాకు అక్షరాలు చూపించేది. పైన ఇంటికప్పు, కింద ఆడమనిషి, రెండూ కలిపితే శాంతి. ఆడమనిషి పక్కన బిడ్డ ఉంటే మంచి. ముగ్గురు ఆడవాళ్ళని ఒకచోట పేరిస్తే దుర్మార్గం, అక్రమ సంబంధం. ముగ్గురం కలిస్తే ఎవరికి భయమో ఆ లిపి చేసినవాళ్ళు దాచుకోలేదు. 'కప్పు కింద ఆడమనిషి, శాంతి' అని పిల్ల పాఠం చదువుతుంటే జియె వాళ్ళ భాషలో ఏదో అంది, పిల్ల పకపకా నవ్వింది. 'అమ్మ ఏమంటోందంటే, కప్పుకి అద్దె ఎంతో కూడా పుస్తకంలో రాసుంటే బాగుండేది అంటోంది.'

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలో ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒకడు మా దేశం నుంచి పొండని అరిచి కాల్చి చంపాడు. భర్త పోగానే ఆయన భార్యకి ఆ దేశంలో ఉండే హక్కూ పోయింది. అంత్యక్రియలకి హైదరాబాదు వచ్చి వెనక్కి వెళ్ళడానికి ప్రత్యేకంగా ఎవరో పూనుకోవలసి వచ్చింది. ఆశ్రితురాలు అన్న మాటకి అసలు అర్థం ఆ వారం మాలో చాలామందికి తెలిసింది. మర్నాడు కొట్టుకి వెళ్తే జియె పేపర్లో ఫొటో చూపించి, నా వైపు చూసి, ఫొటో వైపు చూసి, 'యువర్ హస్బెండ్, హోమ్?' అంది. ఇంట్లోనే ఉన్నాడన్నాను. తలూపింది.

2020లో కరోనా వచ్చేసరికి లెక్క తారుమారైంది. ఫ్లషింగ్ చైనా వాళ్ళు అందరికన్నా ముందే మాస్కులు కట్టారు, చాలామంది ప్రభుత్వం చెప్పక ముందే కొట్లు మూసుకున్నారు. మా తెలుగు వాట్సాప్ గుంపుల్లో గబ్బిలాల బొమ్మలు తిరిగాయి. జూన్ 15న గల్వాన్‌లో ఇరవై మంది సైనికులు చనిపోయారు, వారిలో మన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు ఒకరు. ఆ దుఃఖం నిజం, నాకూ ఉంది. దాని వెనకే ఒక మెసేజి వచ్చింది. 'చైనావాడి కొట్టుకి వెళ్ళేవాళ్ళు దేశద్రోహులు.' ఆ మెసేజి పెట్టినాయన భార్య నాతో పదేళ్ళుగా ఆ కొట్లో తోటకూర కొంటోంది. ఆ తోటకూర ఎండాకాలం న్యూజెర్సీ పొలాల్లోదీ, చలికాలం ఫ్లోరిడాదీ. అమ్మేది అమెరికా పౌరురాలు. నేను ఇదంతా రాసి గుంపులో పెట్టాను. ఇద్దరు గుంపు వదిలిపోయారు. మగవాళ్ళు నన్ను రాజకీయాలు మానుకోమన్నారు. ఆయన భార్య ఏమీ అనలేదు. రెండు రోజులాగి నాకు విడిగా ఫోను చేసి, వెళ్తే రెండు కట్టలు తెచ్చిపెట్టమంది.

2021 మార్చి 16న అట్లాంటా మసాజ్ పార్లర్లలో ఎనిమిది మందిని కాల్చి చంపారు, ఆరుగురు ఆసియా ఆడవాళ్ళు. ఆ వారం జియె పొద్దుగూకకముందే షట్టరు దించేసేది. గుమ్మడికాయ కోసే కత్తి ఎప్పుడూ ఉండే బల్ల మీద లేదు. డబ్బులివ్వడానికి వంగినప్పుడు కనపడింది, గల్లాపెట్టె కింద, పిడి ఆవిడ వైపుకి.

మరుసటి ఏడు భర్త నడుం పడిపోయింది. హంట్స్ పాయింట్‌కి వ్యాను తోలడానికి మేనల్లుణ్ణి పెట్టుకున్నారు. కొట్టు అద్దె ఒప్పందం గడువు కూడా అప్పుడే తీరింది. కూతురు అప్పటికి అకౌంట్స్ చదివి ఉద్యోగం చేస్తోంది. కాగితాలు అదే సిద్ధం చేసి, ఇంకో కన్ను చూస్తే మంచిదని నన్ను పిలిచింది. ఆఖరి పేజీలో అద్దెకి తీసుకునేవారి సంతకానికి రెండు గీతలున్నాయి. మొదటి గీత మీద ఆయన సంతకం ఉంది. రెండో గీత ఎందుకని జియె అడిగింది. పాత ఒప్పందం మీద కూడా ఆ గీత ఉంది, ఖాళీగా. కూతురు తండ్రి వైపు చూసింది. ఆయన ఫ్యాను వైపు చూశాడు. 'నీకే, మా' అంది పిల్ల.

ఆవిడ కలం తీసుకుని ముందు చైనా అక్షరాల్లో రాసింది, మూడు అక్షరాలు. పక్కన ఇంగ్లీషులో ఒక్కో అక్షరం నిలిపి నిలిపి. వాళ్ళల్లో పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు, పుట్టింటిదే ఉంటుంది. నా పాస్‌పోర్టులో ఉన్నది మా ఆయన ఇంటిపేరు. కాగితం మీద ఆయన పేరు ఒకటి, ఆవిడ పేరు వేరొకటి, ఒకదాని కింద ఒకటి. జియె పూర్తి పేరు నేను చూడటం అదే మొదలు. ఇక్కడ రాయను, రాయొచ్చా అని ఆవిడని అడగలేదు.

సిరా ఆరేదాకా ఊది, కాగితాలు గల్లాపెట్టె అడుగున పెట్టి తాళం వేసింది. బయట ఎవరో కొత్తిమీర ఎంతని అడుగుతున్నారు. నీళ్ళ సీసా తీసుకుని వెళ్ళింది.